వదిన బరువు తగ్గిన వేసవి

మా ఆయనకు కాలేయం పాడైందని తెలిసిన దగ్గర్నుంచి అందరూ నన్ను అడిగిన మొదటి మాట ఒకటే, "తాగేవారా?" అని. బంధువులు గొంతు తగ్గించి అడిగేవారు. అపార్ట్‌మెంట్ వాళ్లు లిఫ్టులో నిలబెట్టి అడిగేవారు. నాకు ఒళ్లు మండిపోయేది. ఆయన పెళ్లిళ్లలో కూల్‌డ్రింక్ తప్ప ఇంకోటి ముట్టిన మనిషి కాదు. పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా లేవని ఉద్యోగం, షుగరు, పొట్ట, అంతే. ఆఫీసువాళ్లు ఏటా చేయించే పరీక్షల్లో 'ఫ్యాటీ లివర్' అని వస్తూనే ఉండేది. ఆ మాట లేని రిపోర్టు అమీర్‌పేటలో ఎవరింట్లో ఉంది గనక? చదివి బీరువాలో పడేసేవాళ్లం. చివరికి కాళ్లు వాచి, పొట్టలో నీరు చేరి, కళ్లు పచ్చబడ్డాక సోమాజిగూడలో పెద్ద డాక్టరు చెప్పాడు, కాలేయం మార్చడం తప్ప ఇంకో దారి లేదని.

నా బ్లడ్ గ్రూపు కలవలేదు. పిల్లలు ఇంకా స్కూలుకు పోయే వయసువాళ్లు. చనిపోయినవాళ్ల నుంచి తీసే అవయవాల కోసం పేరు రాయించాం కానీ, దాన్నే నమ్ముకుని కూర్చోవద్దని డాక్టరే అన్నాడు. మిగిలింది వదిన. మా ఆయనకు సొంత అక్క. భర్త పోయాక ఊళ్లో ఉండలేక వచ్చి, మా పక్క సందులో కర్రీ పాయింట్ పెట్టుకుంది. చుట్టూ హాస్టళ్లు, కోచింగ్ సెంటర్లు. మధ్యాహ్నం అయ్యేసరికి పిల్లలు పప్పు ప్యాకెట్లకూ వేపుళ్లకూ వరస కట్టేవారు. ఆమెకు సంగతి చెప్పినప్పుడు సాంబారు పొట్లాలకు రబ్బరు బ్యాండ్లు వేస్తోంది. చేతిలో పని ఆపకుండానే, "నా తమ్ముడికి కాక ఎవరికిస్తాను, కోసుకోమను" అంది.

గ్రూపు కలిసింది. నేను ఆసుపత్రి మెట్ల మీదే దేవుడికి దండం పెట్టుకున్నాను. తర్వాత ఆమెకు స్కాన్ చేశారు. ఆమె కాలేయంలోనూ కొవ్వే. "ఈ స్థితిలో సగం కోసి తీస్తే ఈమెకు ప్రమాదం, ఆయనకూ పనికిరాదు. బరువు తగ్గించి తీసుకురండి. ఆలస్యం మాత్రం చేయకండి" అన్నాడు డాక్టరు. వదిన మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఊని లేచేది. ఆ రోజు ఆటోలో ఆమె పక్కన ఇరుక్కుని కూర్చుంటే నాకు ఒకటే తోచింది. ఇన్నాళ్లూ ఈవిడ ఏం తింటే నాకేంటి అనుకున్నాను. ఇప్పుడు మా ఆయన ప్రాణం ఈవిడ ముద్దలో ఉంది.

పెళ్లయిన కొత్తలోనే ఆమెకూ నాకూ సరిపడలేదు. ఎప్పుడొచ్చినా తమ్ముణ్ని ఎగాదిగా చూసి, "ఏంటమ్మా, మావాడికి తిండి పెట్టట్లేదా, ఇలా చిక్కిపోయాడు" అనేది. ఆయన పొట్ట పెరిగి బెల్టు చివర కొత్త చిల్లులు పొడిపించుకునే రోజుల్లో కూడా అదే మాట. అలాంటి మనిషికి తిండి తగ్గించే పని నా నెత్తిన పడింది.

తెల్లారకముందే వెళ్లి ఆమె తలుపు తట్టేదాన్ని. సందులోంచి మెయిన్ రోడ్డెక్కి, మెట్రో పిల్లర్ల కింద పంజాగుట్ట దాకా నడిచి వెనక్కి రావాలి. అది కూడా బట్టల షాపులు తెరవక ముందే. తర్వాత ఫుట్‌పాత్ మీద కాలు పెట్టే చోటు ఉండదు. ఆ వేళప్పుడే టిఫిన్ బళ్లు సర్దుతుంటారు. ఇడ్లీ ఆవిరి, పెనం మీద ఉల్లిపాయ వాసన, నూనె కాగే వాసన, అన్నీ దాటుకుంటూ పోవాలి. వదిన మోకాళ్లు పట్టుకుని ప్రతి పిల్లరు దగ్గరా ఆగేది. "పోలీసులా వెంట పడ్డావేంటమ్మా, కాస్త ఊపిరి తీసుకోనీ" అనేది. నేను ఆగేదాన్ని కాదు. ముందు నడుస్తుంటే తిట్టుకుంటూ వెనక వచ్చేది.

అన్నం డాక్టరు చెప్పిన రోజే మానేసింది. అది మాత్రం ఒప్పుకోవాలి. తన చేత్తో గంగాళం నిండా వండి వార్చి పిల్లలకు కట్టి ఇచ్చేది గానీ, ఒక్క మెతుకు నోట్లో వేసుకోలేదు. నేను మధ్యాహ్నం ఆఫీసు నుంచి ఫోన్ చేసి "అన్నం తిన్నారా?" అంటే, "ముట్టలేదమ్మా, వాడి మీద ఒట్టు" అనేది. సాయంత్రం వెళ్లి గిన్నెలు చూసేదాన్ని కూడా. నిజమే చెప్పేది.

నెల దాటాక మళ్లీ స్కాన్ చేశారు. కొవ్వు ఉన్నచోటే ఉంది. ఆ నెలలో మా ఆయన పొట్టలోంచి నీరు తీయించడానికి ఎన్నిసార్లు ఆసుపత్రికి పరుగెత్తామో నాకు తెలుసు. మమ్మల్ని డైటీషియన్ దగ్గరకు పంపారు. చిన్న వయసు అమ్మాయి, ఓపికగా అడిగింది.

"ఏం తింటున్నారు మేడం?"

"ఏమీ తినట్లేదమ్మా. అన్నం ముట్టి నెల దాటింది" అంది వదిన.

"మరి పొద్దున?"

"టిఫినే."

"మధ్యాహ్నం?"

"నాలుగు చపాతీలు, అంతే."

"రాత్రి?"

"రాత్రి ఏమీ తినను. ఇంత ఉప్మా చేసుకుంటాను."

"మధ్యలో ఏమైనా?"

"మధ్యలో ఏముంటుంది? కూరలు రుచి చూస్తాను. లేకపోతే ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది?"

"శనివారం సుత ఇట్లనేనా మేడం?"

"శనివారం ఉపవాసం. మావాడి కోసం మొక్కుకున్నాను. ఒంటిపూటే. సాయంత్రం ఫలహారం, రెండు పెసరట్లు."

ఆ అమ్మాయి పెన్ను పక్కన పెట్టేసింది. "ఇదంతా తిండి కాదా మేడం?" అని అడిగింది. వదిన నా వైపు చూసింది. ఆమె మొహంలో దొంగతనం లేదు, నిజంగానే ఆశ్చర్యం ఉంది. మన ఇళ్లల్లో "భోజనం చేశావా" అంటే అన్నం తిన్నావా అనే కదా. దోసెలూ ఉప్మా టిఫిను. ఉపవాసం నాడు తినేది ఫలహారం. గరిటెతో అరచేతిలో వేసుకుని నాలిక్కి రాసుకునేది రుచి. వాటిని తిండి కింద ఎవరు జమ వేస్తారు? నెలంతా ఆమె నిజాయితీగా కడుపు మాడ్చుకున్నాననే అనుకుంది. నేనూ అన్నం గిన్నెకే కాపలా కాశాను.

ఇంటికి నడిచి వస్తూ పంజాగుట్ట సిగ్నల్ దగ్గర నోరు ఆపుకోలేకపోయాను. "మీ ఉప్మాలు, మీ పెసరట్లు ఆయన్ని మింగేస్తున్నాయి వదినా. మీకు తమ్ముడు కావాలా, టిఫిను కావాలా చెప్పండి" అన్నాను. బస్సు కోసం నిలబడ్డవాళ్లంతా తిరిగి చూశారు. ఆ వేసవిలో ఆమెను అన్న మాటలకు నాకు ఇప్పటికీ చింత లేదు. భయం అలా మాట్లాడించింది. అంత భయం మళ్లీ వస్తే మళ్లీ అలాగే అంటాను. రోడ్డు దాటాక వదిన, "రేపట్నుంచి వండేది నేను. రుచి నువ్వు చూడు" అంది.

అలా ఆఫీసుకు పోయేముందు కర్రీ పాయింట్‌లో నిలబడి గరిటె గరిటె నాకడం నా ఉద్యోగమైంది. నా నాలుకకు ఆమె లెక్కలేం తెలుస్తాయి? "ఆంటీ, ఇయ్యాల పప్పుల ఉప్పు మస్తయింది" అని ఒకడు, "సాంబారు సప్పగున్నది" అని ఇంకొకడు. వదిన పిల్లలకు సర్దిచెప్పి, నన్ను ఒక చూపు చూసేది. ఆమెను మా ఇంటికే తెచ్చుకుని, మూడు పూటలా నేనే పెట్టేదాన్ని. ఉడికిన పెసలు, గుడ్డులో తెల్లసొన, కీర ముక్కలు, పలచటి మజ్జిగ. రోజంతా పోపుల ముందు నిలబడి, ఇంటికొచ్చి ఆ కీర ముక్కలు నములుతుంటే ఆమె కళ్లల్లోంచి నీళ్లు కారేవి. ఏడుపు కాదు, ఆకలి. తుడుచుకుని మళ్లీ నమిలేది.

మామిడిపళ్లు వచ్చాయి. పిల్లల కోసం తెచ్చి కోస్తుంటే మా ఆయన మంచం మీద నుంచి, "అక్కా, ఒక్క ముక్క తిను, ఏం కాదులే" అని పళ్లెం ఆమె వైపు జరిపాడు. నేను లాగేసుకున్నాను.

"మా అక్కను చంపి నన్ను బతికిస్తావా?" అన్నాడాయన. అప్పటికి ఆయన చేతులు పుల్లల్లా అయిపోయాయి, పొట్ట ఒక్కటే ఉబ్బి ఉంది.

"చంపను. ఆకలితో మాడుస్తాను. మీకు చూడటం కష్టంగా ఉంటే అటు తిరిగి పడుకోండి" అన్నాను.

వదిన తమ్ముడి దుప్పటి సర్ది, "నువ్వు నోరు మూసుకోరా. దాని మాట విను" అంది. నా తరఫున ఆమె మాట్లాడటం నా పెళ్లయ్యాక అదే మొదలు. ఆయన నిజంగానే గోడ వైపు తిరిగిపోయాడు.

ఆ తర్వాత బరువు తగ్గడం మొదలైంది. ముందు మొహంలో తెలిసింది, తర్వాత చేతుల్లో. గాజులు మోచేతి దాకా జారేవి. జాకెట్లు వదులై భుజం మీద నిలిచేవి కావు. మా సందులో కుట్టుపని చేసే ఆమె దగ్గరకు తీసుకెళ్లాను. చేనేత ఊరి నుంచి వచ్చి ఇక్కడ మిషన్ పెట్టుకుంది. వదినను టేపుతో కొలుస్తూ, "అక్కా, మస్తు తగ్గిండ్రు గదా. ఏం డైట్ చేస్తుండ్రు? నాకు సుత జర చెప్పుండ్రి" అంది. అపార్ట్‌మెంట్‌లోనూ అదే గోల. గేటు దగ్గర ఆపి మెచ్చుకునేవారు, వయసు తగ్గిందనేవారు. అసలు సంగతి ఎవరికీ చెప్పొద్దని, నలుగురి నోళ్లలో నానితే ఆపరేషన్‌కు దిష్టి తగులుతుందని వదిన పట్టు పట్టింది. "ఏం లేదమ్మా, పొద్దున్నే నడుస్తున్నాను" అనేది. ఒకే ఇంట్లో ఇద్దరు చిక్కిపోతుంటే ఒకరికి మెచ్చుకోళ్లు, ఇంకొకరికి పరామర్శలు. నాకు ఆ మెచ్చుకునేవాళ్ల మొహాన తలుపు వేయాలనిపించేది.

కానీ ఆశ పుట్టింది, అబద్ధమెందుకు. నడకలో ఆమె నాకంటే ముందు పోవడం మొదలుపెట్టింది. పిల్లర్ల దగ్గర ఆగి నా కోసం చూసేది. "ఆపరేషన్ అయి వాడు లేచి తిరిగితే, వాణ్ని కూడా ఇలాగే లాక్కొద్దాం" అనేది. చివరి స్కాన్‌కు రమ్మని ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చింది.

దానికి ముందురోజు మా ఆయనకు చలిజ్వరం వచ్చింది. మాట తడబడింది, నన్ను గుర్తుపట్టలేదు. అంబులెన్స్‌లో తీసుకెళ్లి ఐసీయూలో చేర్చాం. "మీరు కంగారు పడకండి, అక్కగారి స్కాన్ మాత్రం అనుకున్నట్టే చేయిద్దాం" అన్నారు అక్కడి డాక్టర్లు. పొద్దున వదినను కింది అంతస్తులో స్కానింగ్‌కు పంపి, నేను ఐసీయూ బయట కూర్చున్నాను. ఆమె లోపల ఉండగానే డాక్టరు నన్ను పిలిచాడు. పొట్టలో నీటికి ఇన్ఫెక్షన్ పట్టి రక్తంలోకి పాకిందన్నాడు. కిడ్నీలు ఆగిపోయాయి, బీపీ నిలవడం లేదు. ఈ పరిస్థితిలో బల్ల మీద పడుకోబెడితే లేవడు కాబట్టి ఆపరేషన్ ఆలోచన మానుకోవాలన్నాడు. ఎవరైనా చూడాల్సినవాళ్లుంటే పిలిపించుకోమన్నాడు. నేను "సరేనండి" అన్నాను.

బయటికొచ్చేసరికి వదిన లిఫ్టులోంచి దిగి వస్తోంది. నవ్వుతోంది. కొత్తగా కుట్టించిన జాకెట్టు, జారకుండా పిన్ను పెట్టుకున్న చీర. అంత చురుగ్గా ఆమె నడిచి రావడం నేనెప్పుడూ చూడలేదు.

"పాసయ్యానమ్మా" అంది నా చెయ్యి పట్టుకుని. "కొవ్వు పోయిందంట. తీసుకోవచ్చంట. పద, వాడికి చెప్పొద్దాం."

ఆమె ఐసీయూ తలుపు వైపు కదలబోతే ఆపాను. "పొద్దున్నుంచి పరగడుపున ఉన్నారు. ముందు ఏదైనా తిందురు గాని రండి" అన్నాను.

"ఏంటి, ఇవాళ నా మీద ఇంత దయ కలిగింది?" అంటూ నా వెనకే వచ్చింది.

క్యాంటీన్‌లో ఆమెను కూర్చోబెట్టి కౌంటర్ దగ్గరకు వెళ్లాను. ప్లేటు తెచ్చి ఆమె ముందు పెట్టాను. అన్నం, పప్పు, బంగాళదుంప వేపుడు, పక్కన గిన్నెలో నెయ్యి. ఆమె ప్లేటు చూసి, నన్ను చూసి ఇంకా నవ్వుతూనే ఉంది.

"ఆపరేషన్ ఎప్పుడన్నారమ్మా?" అని అడిగింది.

నేను పప్పులో నెయ్యి పోసి, అన్నంలో కలుపుతూ కూర్చున్నాను. తల ఎత్తితే ఏడుస్తానని తెలుసు.

"తినండి వదినా" అన్నాను.

ఆమె నా చేతి వంక చూస్తూ ఉండిపోయింది. మొహంలో నవ్వు కొంచెం కొంచెంగా పోయింది.

"ఇంక తినొచ్చా?" అంది.

"తినొచ్చు" అన్నాను.