సోఫా మామయ్య, మానుకున్నందుకు ఫీజు

సోఫా మామయ్యకి ఉన్నది ఒకటే జబ్బు. లోకంలో ఏ మూల అన్యాయం జరిగినా అది నేరుగా వచ్చి ఆయన ఒంటికే తగులుతుంది. జరక్కపోయినా తగులుతుంది.

బస్సులో తను కూర్చున్న వైపే ఎండ పడితే అన్యాయం. ప్యాకెట్ మీద బొమ్మకన్నా లోపలి బిస్కెట్టు చిన్నదైతే అన్యాయం. ఒకసారి పన్ను పీకించుకోవడానికి వెళ్తే, మత్తుసూదికి సగం నోరు పడిపోయినా మిగతా సగంతోనే "అన్నాయం!" అని కేక పెట్టాడు. డాక్టరు నొప్పి కాబోలనుకుని ఇంకో సూది పొడిచాడు.

"నొప్పి కాదండీ," అంది పక్కనున్న మేనకోడలు. "బయట మాకన్నా ముందొచ్చిన పెద్దాయన్ని ఇంకా నించోబెట్టారని మామయ్య గొడవ."

ఆ మేనకోడలికి ఈ అనువాదం పని అలవాటే. మామయ్య సోఫాలు బాగుచేసే షాపులో బిల్లులు రాసేది, ఫోన్లు ఎత్తేది, ఆయన ఆవేశం దిగేదాకా వచ్చినవాళ్లను కూర్చోబెట్టేది ఆ అమ్మాయే. కూర్చోబెట్టడానికి సోఫాలకేం కొదవలేదు. స్ప్రింగు గుచ్చుకోని సోఫా దొరకడమే గగనం.

అలాంటి షాపులో ఒకరోజు పైఅంతస్తు నీళ్లట్యాంకు పొంగింది. నీళ్లు కప్పులోంచి దిగి, ఎవరిదో ఖరీదైన మఖ్మల్ సోఫా మీద ధారకట్టాయి. మామయ్య నిబ్బరంగానే ఉన్నాడు. షాపుకి బీమా ఉంది కదా! ఏజెంటుకి కబురుపెట్టాడు.

ఏజెంటు నడివయసు మనిషి. ఇస్త్రీ చొక్కా, చంకలో ఫైలు, పిల్లి అడుగులాంటి గొంతు. మామయ్య ఆయనకి మెత్తనయ్య అని పేరు పెట్టాడు. మెత్తనయ్య తడిసిన సోఫా చుట్టూ ఓసారి తిరిగి, ఫైలు తెరిచాడు.

"ఈ పాలసీ మీ సొంత సామానుకేనండీ. ఈ సోఫా మీది కాదు కదా."

"సోఫాలు బాగుచేసే షాపులో జనం సోఫాలు కాక ఏనుగులుంటాయా? నాదని చెప్పుకోవడానికి ఇక్కడున్నది ఓ సుత్తీ, ఓ కత్తెరా, మా అమ్మాయి కూర్చునే స్టూలూ! షాపు మొత్తం తగలబడితే స్టూలుకి డబ్బిస్తారా?"

"స్టూలుకి ఇస్తారండీ."

"అన్యాయం!"

ఈసారి మాత్రం నిజంగానే అన్యాయం. మేనకోడలు కూడా ఒప్పుకుంది. మామయ్య ఆ సోఫాని సొంత ఖర్చుతో కొత్తగా చేసిచ్చి, జనం సామానుకి కూడా బీమా ఇచ్చే ఇంకో కంపెనీని వెతికి పట్టుకున్నాడు. పాత పాలసీకి ఇంకా సగం కాలం మిగిలే ఉంది. రద్దు చేసి మిగిలింది వెనక్కివ్వమని రాశాడు. ఇస్తాం, కానీ మధ్యలో మానుకుంటున్నందుకు రద్దు ఫీజు కోసుకుని ఇస్తాం అని జవాబొచ్చింది.

అది చదివాక మామయ్య "అన్యాయం" అనలేదు. ఆ మాట చాల్లేదు.

"వాళ్ల సరుకు పనికిరాదని నేను మానుకుంటుంటే నాకు జరిమానానా? కుళ్లినపండు వెనక్కి తెచ్చిస్తే, తాకినందుకు కూలివ్వమన్నట్టుందే!"

పాలవాడికి చెప్పాడు. పోస్టుమాన్‌కి చెప్పాడు. రాంగ్ నంబరు చేసినవాడిని ఫోన్లో పట్టుకుని మరీ చెప్పాడు. ఆ వారం షాపులో దిగిన ప్రతి మేకూ బీమా కంపెనీ నెత్తిమీదే దిగింది. చివరికి మెత్తనయ్యని పిలిపించాడు.

"నాకు అంటగట్టింది నువ్వే కదటయ్యా! పద ఆఫీసుకి. నీ ముందే తేల్చుకుంటా!"

దారిపొడుగునా తిడుతూనే ఉన్నాడు. మెత్తనయ్య ప్రతి తిట్టుకీ "అవునండీ" అంటూ నడిచాడు.

ఆఫీసులో జనానికి గట్టి ప్లాస్టిక్ కుర్చీలు, మేనేజరమ్మకి మెత్తటి గుండ్రకుర్చీ. మామయ్య అడక్కుండానే వెళ్లి ఆ కుర్చీ వీపు నొక్కిచూశాడు.

"నాలుగు వేళ్ల మందం ఫోమ్! మనకేమో రాయి!"

"మామయ్యా, ఫీజు సంగతి," అని గుర్తుచేసింది వెంటొచ్చిన మేనకోడలు.

"రద్దు ఫీజు షరతుల్లోనే ఉంది సార్," అంది మేనేజరమ్మ. "చివరి పేజీలో."

"ఎక్కడా? ఈ చీమలబారులోనా? ఇది చదవాలంటే చీమకే కళ్లజోడు పెట్టాలి!"

వరసలో ఉన్నవాళ్లు నవ్వారు. "బాగా అడిగారండీ," అన్నారొకరు. "నాకూ ఇలాగే కోశారు," అన్నారు ఇంకొకరు. మామయ్య గొంతు ఇంకో మెట్టెక్కింది. మేనేజరమ్మ తలపట్టుకుని, కంప్యూటర్లో ఏదో నొక్కింది.

"సరే సార్, మీ ఫీజు తీసేశాను. సంతోషమేనా?"

గెలిచాడు! కుస్తీలో నెగ్గినవాడిలా మామయ్య నలువైపులా చూశాడు. నెగ్గినవాడు ఊరికే ఉంటాడా, ఉదారంగా అడిగాడు: "పాపం, ఆ నష్టం కంపెనీ భరిస్తుందా?"

"లేదండీ. పాలసీ మధ్యలో ఆగితే ఏజెంటుకిచ్చిన కమీషన్లో కొంత ఎలాగూ వెనక్కి తీసుకుంటాం. దాంతోపాటు ఇదీ ఆయన దగ్గరే కోసేస్తాం. మీకు తప్పు పాలసీ ఇచ్చింది ఆయనే కదా!"

మెత్తనయ్య ఫైలు తాడు ముడి విప్పి, మళ్లీ వేసుకుంటున్నాడు. వంగిన ఆయన మెడ దగ్గర, అరిగిన కాలరుని తిరగేసి కుట్టిన కుట్టు కనిపించింది. కుట్టుపనివాళ్ల కంటికి అలాంటివి దాగవు. మేనకోడలు చూసింది. మామయ్య కూడా చూసేశాడని, ఆయన చెవులు ఎర్రబడటంతో ఆమెకి తెలిసిపోయింది.

"నా ఫీజు నాకే కొయ్యండి!" ఆఫీసు దద్దరిల్లింది.

"సార్, ఇప్పుడేగా తీసేశాను?"

"ఎవరు తియ్యమన్నారు?"

"మీరే!"

"తియ్యమన్నాను. తీసి ఇంకొకడి మెడకి చుట్టమన్నానా? ఆ చీమ అక్షరాలు ఆయన అచ్చుకొట్టించాడా? మీరు తయారుచేసింది ఆయన అమ్మాడు. అడగాల్సినవి అడక్కుండా నేను కొన్నాను. పడితే మా ఇద్దరి మీదేనా, కంపెనీ మీద ఒక్క చుక్క పడదా?"

"ఆయన్ని తిట్టుకుంటూ లోపలికొచ్చింది మీరే కదా సార్!"

"నేను తిడతాను! నా ఏజెంటు, నా ఇష్టం! మధ్యలో మీకేం పని?"

"ఒకసారి తీసేశాక మళ్లీ వేయడం కష్టమండీ..."

"ఫీజు వేయడం కూడా చేతకాదా మీకు? వేసేదాకా కదలను!" అని ప్లాస్టిక్ కుర్చీలో చతికిలబడ్డాడు.

వరసలో ఇందాక మెచ్చుకున్నాయన వంగి మేనకోడల్ని మెల్లగా అడిగాడు. "ఇంతకీ ఆయనకి ఫీజు కావాలా, వద్దా?"

"ఇందాక వద్దండీ. ఇప్పుడు కావాలి."

మేనేజరమ్మ ఎవరికో ఫోన్ చేసింది, ఇంకెవరికో చేసింది. చివరికి చేతులు జోడించి, "వేశానండీ. ఆయన కమీషన్ జోలికి కూడా పోవద్దని పైవాళ్లను ఒప్పించాను. దయచేసి ఇక వెళ్లండి," అంది.

బయట మెట్ల మీద మెత్తనయ్య మామయ్య చెయ్యి పట్టుకున్నాడు. "సార్, మీ మేలు..."

"మేలేంటయ్యా మేలు! ఇదిగో, కొత్త కంపెనీ కాగితాలు. ఇంకా సంతకం పెట్టలేదు. కూర్చుని చదువు. ఈసారి చీమల్ని కూడా వదలకు."

మెత్తనయ్య మెట్టు మీద రుమాలు పరుచుకుని చదివాడు. చివరి పేజీకొచ్చేసరికి ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. లేచి నిలబడ్డాడు. పిల్లి అడుగులాంటి ఆ గొంతు, పుట్టాక మొదటిసారేమో, వీధంతా వినిపించింది.

"ఇదెక్కడి దౌర్జన్యం సార్! జనం సోఫాలకి బీమా ఇస్తారట, పైనుంచి నీళ్లు కారితే మాత్రం ఇవ్వరట! గొడుగమ్మి, వానలో తెరవొద్దన్నట్టు లేదూ? పదండి, అడిగేద్దాం!"

మామయ్య మొహం చేటంత అయింది. మెత్తనయ్య ఫైలుని తన చంకలో పెట్టుకుని, ఆయన్ని ముందు నడవనిచ్చాడు. కొత్త కంపెనీ ఆఫీసు రోడ్డుకి అవతలే ఉంది. ఇద్దరూ దాని తలుపు తోసుకుని వెళ్లడం చూస్తూ మేనకోడలు ఇంటికి ఫోన్ చేసింది.

"అత్తయ్యా, భోజనానికి మాకోసం చూడకు. మామయ్య ఇప్పుడు ఇద్దరయ్యారు."