గిట్‌లోకి ఎక్కని పాఠాలు

మొన్న పొద్దున మా అమ్మాయి ముందుగదిలో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటుంటే వాళ్ల సారు ఫోన్ చేశాడు. నువ్వు చేశానన్న ఫైళ్లు ఇక్కడ కనబడటం లేదమ్మా, ఎక్కడో ఆగినట్టున్నాయి, ఒకసారి చూసుకో అని మామూలుగా చెప్పి పెట్టేశాడు. అది కంప్యూటర్‌లో ఏదో వెతికి, నుదుటి మీద చిన్నగా కొట్టుకుని, ఒక్క వరుస చేర్చి, అయిపోయిందని టీ తాగడానికి లేచింది. నేను పక్కన చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ, ఏమైందే అని ఊరికే అడిగాను. అది చెప్పింది. విన్నాక చాట పక్కన పెట్టి మళ్లీ చెప్పమన్నాను. రెండోసారి విన్నప్పుడు వచ్చిన కోపానికి ఆ పూట కూర వండలేకపోయాను, ఇంట్లో అందరూ పచ్చడితో సరిపెట్టుకున్నారు. మా చెల్లె ఉద్యోగం ఎందుకు పోయిందో ఇన్నేళ్ల తర్వాత నాకు తెలిసింది.

చెల్లె అంటే మా చిన్నమ్మ కూతురు, తిరుమలగిరి పిల్ల. తెలంగాణ వచ్చిన కొత్తలో, షాద్‌నగర్‌లో ఒక ఇనుప సామాన్ల దుకాణం మీద రెండు గదులు కిరాయికి తీసుకుని, హైదరాబాద్ కంపెనీ ఒకటి చిన్నపిల్లలు ఫోన్‌లో చదువుకునే పాఠాలు తయారుచేయించడం మొదలుపెట్టింది. మన పిల్లల చదువు మన మాటల్లోనే మొదలవ్వాలని గోడ మీద పెద్ద పెద్ద అక్షరాలతో రాయించారు కూడా. అప్పటికి ప్రైవేటు బడిలో తెలుగు చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకున్న నేను తప్పులు దిద్దే పనికి చేరితే, పాఠాలు రాసి కంప్యూటర్‌లోకి ఎక్కించే పనికి చెల్లె చేరింది. గుంట భూమి లేని ఇల్లు వాళ్లది. మొదటి జీతం రాగానే చెల్లె వాళ్ల నాయినను, అంటే మా చిన్నాయనను, మార్కెట్లో బస్తాలు మోసే పని మాన్పించింది. ఆయన చేతిలోని, బస్తాలు లాగే ఇనుప కొక్కెం లాక్కుని గోడకున్న మేకుకు తగిలించి, ఇక దాని జోలికి పోవద్దని చెప్పింది.

సెలవొస్తే చాలు, బస్సెక్కి ఊళ్లకు పోయేది. ముసలమ్మల పక్కన అరుగుల మీద కూర్చుని, వాళ్లు చెప్పే ముచ్చట్లు విని, వాటినే పాఠాలుగా రాసేది. గొర్రెపిల్ల తప్పిపోయిన పాఠం, మక్కకంకి కాల్చుకున్న పాఠం, సద్దిమూట కోసం కుక్కతో కొట్లాడిన పిల్లవాడి పాఠం, ఇప్పటికీ నాకు గుర్తున్నాయి. ఆమె కంప్యూటర్ ముందే ఇంకో కుర్చీ వేసుకుని నేను దిద్దేదాన్ని. దిద్దింది తక్కువ, చదువుకుని నవ్వింది ఎక్కువ.

ఇక్కడ మా ఇళ్ల అలవాటు ఒకటి చెప్పాలి. కూలికి కొలిచిన గింజలను మా అవ్వలు ఎన్నడూ కలిపేవాళ్లు కాదు. ఏ చేనువి ఆ మూటలోనే కట్టి ఉంచేవాళ్లు, కలిపితే ఏది విత్తనానికి పనికొస్తుందో తెలియకుండా పోతుందని. చెల్లెకు కూడా ఆ అలవాటే వచ్చింది. ఏ ఊరి పాఠాలు ఆ ఊరి పేరుతో వేరే ఫోల్డర్‌లో పెట్టుకునేది. హైదరాబాద్ వాళ్లు మాత్రం తమ ఫైళ్లన్నీ ఏ ఫోల్డరూ లేకుండా పైనే కుప్ప పోసేవాళ్లు.

అందరి పనీ చేరే చోటును గిట్ అంటారు. ఎవరు ఏ రోజు ఏం రాశారో, ఏం మార్చారో పేరుతో సహా అది దాచిపెడుతుంది. మేము చేరిన వారంలోనే, కంప్యూటర్లలోని పాటలు, పెళ్లి ఫొటోలు కూడా అందులోకి ఎక్కుతున్నాయని హైదరాబాద్ పెద్దసారు దానికి హద్దులు పెట్టాడు. ముందు, దేన్నీ రానివ్వకు అని ఒక వరుస. దాని కింద, పాఠాల రకం ఫైళ్లను, ప్రోగ్రాం రకం ఫైళ్లను మాత్రం రానివ్వు అని రెండు వరుసలు. చెత్త ఆగిపోయిందని అందరూ ఆయన్ను మెచ్చుకున్నారు. ఆ తర్వాత రోజూ సాయంత్రం చెల్లె తన పాఠాలు ఎక్కించబోతే, ఎక్కించాల్సింది ఏమీ లేదని జవాబు వచ్చేది. అనుమానమొచ్చి ఫోన్ చేసి అడిగితే, అంటే అన్నీ ఎక్కినట్టే కదమ్మా అని చెప్పింది కూడా ఆయనే. నేను పక్కనే ఉన్నాను.

దసరా ముందు పెద్దసారు వచ్చి, గోడ మీద తెర కట్టి, ఎవరెవరు ఎంత పని చేశారో చూపించాడు. చెల్లె పేరు పక్కన ఖాళీ.

“సార్, నా కంప్యూటర్ల అన్ని ఉన్నయి. జర వచ్చి సూడుండ్రి,” అని చెల్లె లేచి నిలబడింది.

ఆమె మాటతీరుకు హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్లలో ఇద్దరు ముసిముసిగా నవ్వారు, మన మాటల్లోనే చదువన్న ఆ గోడకే ఆనుకుని. పెద్దసారు మాత్రం నవ్వలేదు. గిట్‌లో లేని పని చేయని పనేనన్నాడు. నేను స్వయంగా చదివి దిద్దానని చెబితే, మీ చెల్లెలు కదా, మీరు అట్లాగే చెబుతారన్నాడు. ఆమె బల్ల అదే గదిలో కిటికీ పక్కన ఉంది. ఆ పెద్దమనిషి లేచి నాలుగడుగులు వేస్తే సరిపోయేది. వేయలేదు. ఆ మధ్యాహ్నమే ఆమెను పనిలోంచి తీసేశారు, ఆమె కంప్యూటర్‌లో ఉన్నదంతా తుడిచేసి, ఇంకొకరికి ఇచ్చారు. వారం తిరగకముందే చిన్నాయన మేకుకున్న కొక్కెం తీసుకుని మళ్లీ మార్కెట్‌కు పోయాడు. నెలాఖరుకు నేనూ మానేశాను, అది ఎవరికీ పట్టలేదు.

మొన్న మా అమ్మాయి చెప్పింది ఇదీ. దేన్నీ రానివ్వకు అంటే అందులో ఫోల్డర్లు కూడా వస్తాయట. గిట్ ఫోల్డర్ గుమ్మం దగ్గరే ఆగిపోతుంది, లోపల రానివ్వాల్సిన ఫైళ్లే ఉన్నా తొంగి చూడదు. ఫోల్డర్లలోకి కూడా వెళ్లి చూడు అని ఇంకొక్క వరుస రాయాలి, మూడంటే మూడు గుర్తులు. పెద్దసారు రాయలేదు. కుప్ప పోసినవాళ్ల పని ఎక్కింది, పద్ధతిగా ఊరికో మూట కట్టుకున్న మా చెల్లె పని బయటే ఉండిపోయింది. ఆయన చేసిన తప్పుకు ఈ పిల్ల పనిదొంగ అయింది. ఒళ్లు మండదా చెప్పండి.

చెల్లె ఇప్పుడు కొత్తకోటలో హైవే పక్కన జిరాక్స్ దుకాణం నడుపుతోంది. వెంటనే ఫోన్ చేసి అంతా ఒక్క ఊపిరిలో చెప్పి, ఆ పెద్దసారు ఎక్కడున్నా వెతికి పట్టుకుని కడిగేస్తానన్నాను. అటు లారీల మోత. వాటి మీదుగా చెల్లె గొంతు పెంచింది.

“ఒక్క వరుస మర్సిపోయిండు, మర్సిపోతరక్కా ఎవలన్న. నేను గీ దుకాణంల రోజు ఏదో ఒకటి మర్సిపోత. గని నా కంప్యూటర్ జర సూడుండ్రి అన్న గదా. గది గుడ మర్సిపోయిండా?”

ఎవరో దరఖాస్తు పట్టుకొచ్చారని ఫోన్ పెట్టేసింది.

ఆ ఇనుప దుకాణం జాగాలో ఇప్పుడు అద్దాల మేడ లేచింది. అప్పట్లో ఇంట్లో కూర్చుని ఆఫీసు పని చేసే ఆడపిల్లను వింతగా చూసేవాళ్లు, ఇప్పుడు వీధిలో ఏ ఇంటికి పోయినా ఒకరుంటారు. చిన్నాయన పోయి కూడా చాలా కాలమైంది, చివరిదాకా నడుం నొప్పితోనే బతికాడు. మా అమ్మాయి ఫైళ్లు కనబడకపోతే వాళ్ల సారు ఒకసారి చూసుకో అన్నాడు, అది చూసుకుంది, టీ తాగింది, మళ్లీ పనిలో పడింది. రోజులు మారాయని నేను సంతోషించాలి, కానీ కోపమే వస్తోంది. అంత మామూలు మాట ఆ రోజు మా చెల్లెతో ఒక్కరు అని ఉంటే, చిన్నాయన ఆ కొక్కెం మళ్లీ చేతపట్టేవాడు కాదు.