వెనక సీట్లో నా పీఎఫ్

విడాకుల్లో మగవాళ్లు నిద్ర పోగొట్టుకుంటారు, మనశ్శాంతి పోగొట్టుకుంటారు. నేను మాత్రం కోరి ఉద్యోగం పోగొట్టుకుని, పైగా పన్ను కట్టి, విడిచిన భార్య ఆయుష్షు కోసం కొబ్బరికాయలు కొట్టే స్థితికి వచ్చాను. నవ్వండి, ఫర్వాలేదు.

అప్పట్లో నేనూ నా భార్య స్వరూపా ఇద్దరం శంషాబాద్ ఎయిర్‌పోర్టులోనే పనిచేసేవాళ్లం. నేను కార్గోలో, ఆమె ఒక కంపెనీ ఆఫీసులో. ఒకే బస్సులో వెళ్లి, ఒకే ఇంట్లో కొట్లాడి, చివరికి ఒకే మాట మీదకు వచ్చాం: విడిపోదాం. మా వైపు కోర్టు గడప తొక్కేముందు పెద్దమనుషుల దగ్గర తెగాలి. అందుకని పాల్మాకులలో మా నర్సింహ మామ అరుగు మీద కూర్చున్నాం. సామాన్లు పంచారు. మిక్సీ దగ్గర కాస్త గొడవైంది. ఇక మిగిలింది పీఎఫ్, అంటే జీతంలో నెలనెలా కోసి ముసలితనానికి దాచే డబ్బు.

"ఎవలది వాళ్లు ఉంచుకోండ్రి" అన్నాడు మామ.

నలుగురిలో కూర్చుంటే నాకు దానగుణం జ్వరంలా వస్తుంది. "గట్ల కాదు మామా. ఇద్దరివి చెరిసగం."

"నాది గూడనా?" స్వరూప అడిగింది.

"నీది గూడ. న్యాయం న్యాయమే."

"సరే. ఎవలు ఎప్పుడు తీస్తే అప్పుడు సగం ఇయ్యాలె."

"నేనైతే రేపే తీస్త" అన్నాను, మీసం మీద చెయ్యేసి.

"కొలువుల ఉంటే మొత్తం ఇయ్యరంట గదరా అల్లుడా?"

"కొలువు ఇడిచిపెడ్త. నా సగంతోని కారు కొని తిప్పుత."

రాజీనామా ఇచ్చాను. ఇచ్చాక రెండు నెలలు ఖాళీగా ఉంటేనే మొత్తం డబ్బు తీసుకోనిస్తారట. ఉన్నాను. డబ్బు పడింది, చూస్తే కోత. పన్నుల లెక్కలు చూసే పాషా భాయి దగ్గరకు పరుగెత్తాను.

"ఐదేండ్ల సర్వీసు నిండకముందు తీస్తే పన్ను పడ్తది అన్నా. ఎంత తక్కువైంది?"

"రెండు నెలలు."

"రాజీనామా ఇచ్చినంక ఏం చేసినవ్?"

"రెండు నెలలు ఇంట్ల కూసున్న."

పాషా భాయి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు. "గా రెండు నెలలు కార్గోల కూసుంటే అయిపోవు గదా" అని నాకు చాయ్ చెప్పాడు.

పెద్దమనుషులు మళ్లీ కూర్చున్నారు. తొందర నాది కాబట్టి పన్ను కూడా నా సగంలోనే పోవాలన్నారు.

"మరి నీ పీఎఫ్‌ల నా సగం?" అని స్వరూపను అడిగాను.

"తీసినప్పుడు ఇస్త. రిటైరైనంక, యాభై ఎనిమిదికి. అప్పుడైతే పన్ను గూడ పడదు."

అప్పుడామెకు ముప్పై ఒకటి.

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటారు. నాకు ఆలూ లేదు, కొలువూ లేదు, పన్ను మాత్రం ఉంది. మిగిలిన డబ్బు కారుకు చాలక, ఎవరిదో కారు కిరాయికి తీసుకుని ఎయిర్‌పోర్టు ముందు నడుపుతున్నాను.

మొన్న షాద్‌నగర్‌కు బుక్ చేసినవాళ్లు ఎవరా అని చూస్తే స్వరూప. తల్లిగారింటికి పోతోంది.

"జర ఉరికియ్యరాదు? ఆటోలు గూడ మనల దాటి పోతున్నయ్."

"బెల్ట్ పెట్టుకో. ఆ దగ్గేంది? దవాఖానకు పోయినవా?"

అద్దంలో నన్ను చూసి నవ్వింది. కాపురం చేసినన్నాళ్లూ ఆమె దగ్గు గురించి ఒక్కసారీ అడిగినవాణ్ని కాదు. కొంచెం సిగ్గేసింది కూడా.

"గింత ప్రేమ అప్పుడే ఉంటే ఏమైతుండె?"

"అప్పుడు నువ్వు నా పెండ్లానివి. ఇప్పుడు నా పీఎఫ్‌వి."

షాద్‌నగర్ దాకా నవ్వుతూనే ఉంది. దిగేటప్పుడు దగ్గు మందు కొనుక్కోమని డబ్బులివ్వబోతే తీసుకోలేదు.

కనుక పాల్మాకుల అరుగు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ విడాకులంటూ తీసుకుంటే సర్వీసు ఐదేళ్లు నిండాకే తీసుకుంటాను. స్వరూపకు యాభై ఎనిమిది నిండేదాకా, ఆమె ఎక్కిన నా బండి గంటకు నలభై దాటదు.