నౌపడ రేవుకు ఒక ఫోము ముక్కతో

ఈ ప్రయాణం విజయనగరం బజారులో ఎండు చేపల బుట్ట దగ్గర మొదలైంది. నౌపడ అవతలి రేవు నుంచి రైల్లో వచ్చి ఎండు చేపలు అమ్మే నూకమ్మ దగ్గరే నేను ఎప్పుడూ కొంటాను. ఓడల గోడల్లో వేడీ చలీ ఆగడానికి వేసే సరుకును కాల్చి పరీక్షించే ల్యాబులో నా ఉద్యోగమని ఆమెకు తెలుసు. ఒకరోజు బుట్ట అడుగు నుంచి ఓ పసుపుపచ్చ ఫోము ముక్క తీసింది. దాని అంచు మాడి ఉంది. "బాబూ, ఇది కాల్చి సూసి సెప్పు. మా మావ మీద నింద పడిపోయినాది" అంది.

ఆమె భర్త ఎర్రయ్య ఇంజను బోటులో వంట చేసేవాడు. నడిసముద్రంలో ఆ బోటు అంటుకుని ఒక కళాసీ చనిపోయాడు. ఎర్రయ్య పొయ్యి చూసుకోలేదని ఊరి పెద్దలు తేల్చేసి, ఇక ఏ బోటూ ఎక్కకూడదన్నారు. నూకమ్మ తెచ్చిన ముక్క, సగం కాలి ఒడ్డుకు చేరిన ఆ బోటులో చేపలు దాచే ఐసు గది గోడది. పొయ్యి ఆ గోడ పక్కనే ఉండేదట.

మా పరీక్షలో సరుకుకు మంట తగిలించి, అది ఎంత వేగంగా పాకుతుందో, ఎంత పొగ వస్తుందో చూస్తాం. ఈ ముక్క నేను గడియారం వైపు చూసేలోపే నిలువునా అంటుకుంది. ఆ పొయ్యి ముందు దేవుడే కూర్చున్నా ఒక్క నిప్పురవ్వతో బోటు పోయేదే. ఎర్రయ్య బయటపడ్డట్టేనని సంబరపడ్డాను.

విడిగా దాచిన సగం ముక్కను సంచిలో వేసుకుని ఆదివారం పొద్దున్నే పలాస ప్యాసింజరు ఎక్కాను. టికెట్టు నలభై రూపాయల లోపే. రెండున్నర గంటల్లో నౌపడలో దిగి, ఉప్పు మడుల పక్కగా షేరాటోలో రేవుకు వెళ్లాను, ముప్పై రూపాయలు. పనేమిటో చెబితే డ్రైవరు నవ్వాడు. "పెద్దలు ఒక మాట అనేసినాక, మీరు కాల్చి సూపిస్తే ఎనక్కి తీసుకుంటారేటి?" నాకు ఒళ్లు మండింది. కానీ అతనికి తెలిసినంత నాకు తెలియదు.

రేవులో నూకమ్మ నన్ను పెద్దల దగ్గరకు తీసుకెళ్లింది, వాళ్లు ఒక రేకుల పందిరి కింద కూర్చున్నారు. వాళ్లలో ముఖ్యుడు సింహాచలం నా చేతిలోని ముక్క చూశాడు. "అది ఇరగ్గొట్టిన పాత ఓడలో సలిగదిది బాబూ. అంత ఓడకి పనికొచ్చినాది మా బోటుకి పనికిరాదేటి?" అన్నాడు. ఓడలో ఆ ఫోముకు మంట తగలకుండా రెండువైపులా ఇనుప రేకు ఉంటుందని చెప్పాను. "బరువని పీకీసినాం. అయ్యే ఇయ్యి" అంటూ పైకి చూపించాడు. మా నెత్తి మీద నీడ ఆ రేకులదే.

ఇసుకలో ముక్క పెట్టి అగ్గిపుల్ల ఆయన చేతికే ఇచ్చాను. భగ్గుమంది. ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. నల్లటి పొగకు అందరూ లేచి నిలబడ్డారు. నూకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన ముఖంలోకే చూస్తోంది.

సింహాచలం గొంతు తగ్గించి అన్నాడు. "కాలతాది. సూసినాం. కానీ అన్ని బోట్లలోనూ ఇదే ఉన్నాది బాబూ. ఎర్రయ్య ఒక్కడు, దించీసినాం. బోట్లన్నీ దించీమంటావేటి?"

నూకమ్మ నన్ను భోజనానికి పిలిచింది. చేపల పులుసు కమ్మగా ఉంది. ఎర్రయ్య ఇంట్లో లేడు.

తిరిగి వస్తుంటే ఒడ్డున కొత్త బోటు కడుతున్నారు. ఐసు గదిలో ఒకాయన పసుపుపచ్చ పలకలు కోసి బిగిస్తున్నాడు. ఎవరని అడిగితే "ఎర్రయ్యని బాబూ" అన్నాడు. అది అదే ఫోము కదా అన్నాను. "అదే. ఏటి సేస్తాను? సముద్రం మీదకి ఎల్లనివ్వరు. ఒడ్డు మీద ఈ పని ఇచ్చినారు" అని మళ్లీ కత్తి అందుకున్నాడు.

నాకు ఆ పెద్దల మీద ఎంత కోపం ఉందో నా మీదా అంతే ఉంది. నిజం చూపిస్తే చాలు, మనుషులు మారిపోతారని ఇన్నేళ్లు ల్యాబులో కూర్చుని నమ్మాను. వాళ్లు నా పరీక్షను ఒప్పుకున్నారు, ఎర్రయ్య మీద నింద మాత్రం తీసేయలేదు. నూకమ్మ ఇప్పటికీ బజారుకు వస్తుంది, ఫోము మాట మాత్రం ఎత్తదు.

ఆ వైపు వెళ్లి బోటు షికారు చేయాలనుకునేవాళ్లకు ఒక్క మాట. ఎక్కేముందు పొయ్యి పక్క గోడను గోరుతో నొక్కి చూడండి. గోరు లోపలికి దిగితే అది రేకు లేని ఫోమే, ఆ బోటు ఎక్కకండి. వంటవాడిని మాత్రం ఏమీ అనకండి.