రెండో ఇంటర్వెల్

విదేశీ సినిమాలకు ఇంటర్వెల్ ఉండదు. మన హాళ్లకు ఇంటర్వెల్ లేకపోతే గడవదు. ఈ రెంటికీ సంధి కుదర్చడమే ఇన్నేళ్లుగా నా బతుకుతెరువు. ఎక్కడెక్కడి దేశాల సినిమాలకో హక్కులు కొని, కింద తెలుగు అక్షరాలు వేయించి, నిజామాబాద్, బోధన్ హాళ్లలో ఆడిస్తాను. పసుపు అమ్మడం చేతగాక సినిమాలు అమ్ముకుంటున్నాడని మా ఊళ్లో నా మీద ఓ మాట ఉంది. అందులో అబద్ధమేమీ లేదు.

మొదటి సినిమాను బోధన్‌లో వేసే ముందు బాపు నా దగ్గర మాట తీసుకున్నాడు. మా ఇంట్లో నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అని అంటాం. ఆయన ఏర్గట్లలో పసుపు పండించే రైతు. జనం మెచ్చకపోతే నేను ఈ దుకాణం కట్టేసి పసుపు చేను చూసుకోవాలి. సరేనన్నాను. తీర్పు చెప్పడానికి ఆయనే తలకు తెల్ల రుమాలు చుట్టుకొని బస్సెక్కి వచ్చాడు.

హాలు యజమానిది కోస్తా నుంచి వచ్చి కాలువ కింద చెరకు వేసుకొని స్థిరపడిన కుటుంబం. కథ చెప్పబోతే ఆయన వినలేదు.

"కథ నాకెందుకండీ, సమోసాలు ఎప్పుడు అమ్మాలో చెప్పండి," అన్నాడు.

మంచుకొండల్లో ఓ పిల్ల, తప్పిపోయిన తన ఆవును వెతకడం. అంతే సినిమా. ఆవు మెడలోని గంట మాత్రం దొరికే చోట ఇంటర్వెల్ పెట్టాను. ఆ చోటు ఎంచుకున్నందుకు నాకు ఇప్పటికీ గర్వమే.

ఆట మొదలైంది. చదువొచ్చినవాళ్లు కింది అక్షరాలను రానివాళ్లకు పైకి చదివి వినిపిస్తుంటే, చెరకు నరకడానికి వచ్చిన కూలీలకు వెనక వరుసలో ఒకావిడ అదంతా మరాఠీలో చెబుతోంది. హాలు బడిలా మోగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

చివర్లో పిల్ల ఒట్టిచేతులతో ఇల్లు చేరి, వాకిట్లో ఓ బకెట్ పెట్టి తలుపు వేసుకుంటుంది. ఆవు కనబడదు. తెర చీకటైంది, హాల్లో లైట్లు వెలిగాయి.

ఒక్కరూ ఇంటిదారి పట్టలేదు. కొందరు పోయి సమోసాలు తెచ్చుకొని మళ్లీ కూర్చున్నారు. ఇది రెండో ఇంటర్వెల్ అనుకున్నారని నాకప్పుడు అర్థమైంది. ఆవు దొరక్కుండా సినిమా ఎట్లా అయిపోతుంది మరి? యజమాని నన్ను ముందుకు నెట్టాడు. అయిపోయిందని చెప్పేసరికి గోల లేచింది. సగం సినిమా నేనే దాచుకున్నానన్నాడొకాయన. బాపు వైపు చూసే ధైర్యం లేకపోయింది నాకు. పసుపు చేనే కళ్లముందు ఆడింది.

బాపు లేచి రుమాలు సర్దుకున్నాడు.

"ఆవు వస్తది," అన్నాడు జనం వైపు తిరిగి. "గా పిల్ల బకెట్ల కుడితి కలిపి పెట్టింది, సూడలేదా? రాదనుకున్నోళ్లు కుడితి పెడ్తరా?"

దాంతో అందరికీ ఎవరి గొడ్లు వాళ్లకు గుర్తొచ్చాయి. ఒకాయన తప్పిపోయిన బర్రె మాక్లూర్‌లో దొరికిందట. ఇంకొకాయన కోడె దానంతటదే ఇల్లు చేరిందట. వాదించుకుంటూ, నవ్వుకుంటూ బయటికి నడిచారు. సమోసాలన్నీ అమ్ముడైన సంబరంలో యజమాని రెండో ఇంటర్వెల్‌ను ప్రతి ఆటకూ ఉంచమన్నాడు.

బస్టాండు దాకా బాపు ఆ ఊసే ఎత్తలేదు. ఉండబట్టలేక, చేనుకు ఎప్పుడు రమ్మంటావని నేనే అడిగాను.

"రేపటి ఆటకు మీ అవ్వను తోల్కొస్త," అన్నాడు బస్సు మెట్టెక్కుతూ. "బకెట్ సంగతి ముంగటనే సెప్పకు. ఆమెనే సూసుకుంటది."