మా మక్కచేనులో సైరన్ మోగలేదు

మా మక్కచేను అడవి అంచున ఉంది. అడవి పందులు వస్తే లైటు వెలిగి, సైరన్ మోగేలా ఒక చిన్న బోర్డు చేశాను. నేను చేశానంటే నాన్న నమ్మడని, స్కూల్లో సారు ఇచ్చాడని చెప్పాను.

బోర్డులో మెమరీ చాలా తక్కువ. అందుకే సీ అనే ప్రోగ్రామింగ్ భాషలో కోరూటీన్లు, అంటే వంతులవారీగా నడిచే ఫంక్షన్లు, రాశాను. సైరన్ ఫంక్షన్ మధ్యలో ఆగి లైటుకు వంతు ఇస్తుంది, తర్వాత ఆగిన చోటు నుంచే మొదలవుతుంది. కానీ అలా ఆగినప్పుడు మామూలు వేరియబుల్‌లోని విలువ నిలవదు. పంది వచ్చిందన్న గుర్తును నేను అందులోనే పెట్టాను. లైటు వెలిగింది. వంతు తిరిగొచ్చేసరికి సైరన్ పంది సంగతే మర్చిపోయింది.

ఇవాళ పొద్దున చూస్తే చేను సగం తొక్కేసి ఉంది.

"మీ సారు డబ్బా లైటు మంచిగనే ఏసింది బిడ్డా. పందులు వెలుతుర్ల కూసోని తిన్నయ్," అన్నాడు నాన్న.

"ఒక్క రోజు ఆగు నాన్నా. బాగు చేపిస్త."

"నేనాగుత, పందులాగుతయా? మీ సారునే వచ్చి చూపియ్యమను. లేకుంటే రేపు చేను సుట్టు కరెంటు తీగ గుంజుత."

విలువ చెరిగిపోకుండా ఆ వేరియబుల్ ముందు స్టాటిక్ అని చేర్చాను. సాయంత్రం పరీక్షించి చూస్తే సైరన్ మోగింది. కానీ నాన్న అప్పటికే తీగ చుట్ట తెచ్చిపెట్టాడు. ఇప్పపువ్వు ఏరే ఆడవాళ్లు తెల్లవారకముందే మా గట్టు మీదుగా అడవిలోకి పోతారు. నాకు చాలా భయంగా ఉంది.

వచ్చి చూపించడానికి సారు లేడు, నేనే ఉన్నాను. అన్నం తినేటప్పుడు నాన్నకు చెప్పేయాలి. మీరైతే ఏ మాటతో మొదలుపెడతారు?