తుండుమా వరసలో కొమ్మ సాక్ష్యం

లారీ డ్రైవరంటే బండి తోలేవాడని బయటివాళ్ళు అనుకుంటారు. వాళ్ళ కడుపు చల్లగుండ! తుండుమా దారిలో డ్రైవరంటే బండిలో కూర్చునేవాడు. టాంజానియా దాటి జాంబియాలో అడుగు పెట్టాలంటే ఆ ఊరి చివర గేటు ముందు వరసలో ఉండాలి. ఆ వరస ఊరు దాటి, మొక్కజొన్న చేలు దాటి, కొండెక్కి అవతలికి దిగుతుంది. అక్కడ బండి నడిచేది తక్కువ, డ్రైవరు నడిచేది ఎక్కువ. నీళ్ళకీ, టీకీ, ఇవాళ గేటు దగ్గర ఎవడు ఏ ముద్ర ఇంట్లో మరిచి వచ్చాడో కనుక్కోవడానికీ నడుస్తూనే ఉండాలి.

ఈ వరసకి ఒక పెద్దమనిషి ఉండేవాడు. పేరు అంబిలికిలే. తుకుయు కొండల్లో అరటికాయలు తిని పెరిగిన మనిషి, ఆరడుగుల పైన ఎత్తు, పొట్ట కూడా దానికి తగ్గట్టే. ఒకే బండిని ఇరవై ఏళ్ళుగా తోలుతున్నాడు. కాదు, ఒకే బండిలో ఇరవై ఏళ్ళుగా కూర్చున్నాడు. డ్రైవరు సీటు అతని కింద కుంగి కుంగి, అతని ఒంటి కొలతకి గుంత పడిపోయింది. వేరేవాళ్ళు ఎక్కితే ఆ గుంతలో పడి తల మాత్రమే కనపడేది.

ఆ బండి ఏదో చలిదేశంలో పాలు మోసి మోసి అలిసిపోయి, చేతులు మారి మారి ఆఫ్రికాకి కాపురానికొచ్చింది. తలుపుమీద పాలసీసా బొమ్మ అలాగే ఉంది. నుదుటిమీద మాత్రం ఎర్రరంగుతో 'సుబిరా' అని రాయించారు. స్వాహిలీ భాషలో ఓర్పు అని దానర్థం. తుండుమా దారిలో తిరిగే బండికి అంతకంటే పనికొచ్చే పేరు ఇంకేముంటుంది?

కంపెనీ పేరు 'ఇప్యానా బ్రదర్స్ రవాణా సంస్థ'. బ్రదర్సు ఎవరూ లేరు. ఇప్యానా ఒక్కడే ఉండేవాడు, అతనూ జబ్బుచేసి పోయాడు. పోతూ పోతూ భార్య సెకెలా చేతిలో ఈ లారీని పెట్టి, "దీన్ని అమ్మకు, అంబిలికిలేని మాన్పించకు" అని చెప్పి పోయాడు. పోయేవాళ్ళకేం, ఎన్నయినా చెప్తారు. సెకెలాకి ఎంబేయా బజార్లో గుడ్డల కొట్టు ఉంది. కొట్టు సంపాదించేది, లారీ తినేది. టైర్లు అరిగేవి, డీజిలు ధర పెరిగేది, కాటా దగ్గర ఒక కాపలాకి, వంతెన దగ్గర ఒక కాపలాకి చెయ్యి తడపాలి. వంద లారీల కంపెనీలు మంచి సరుకంతా ఎగరేసుకుపోయాక, మిగిలిన సరుకుకోసం ఒంటి లారీలవాళ్ళు కొట్టుకునేవాళ్ళు. పోయేటప్పుడు సగం లోడు, వచ్చేటప్పుడు ఖాళీ. ఆలుమగల గొడవలయినా అప్పుడప్పుడూ సర్దుకుంటాయి గానీ ఒంటి లారీ లెక్క మాత్రం ఎప్పుడూ సర్దుకోదు.

అలాంటి సమయంలో ఒక అవకాశం వచ్చింది. జాంబియాలో ఒక రాగి గనివాళ్ళు గంధకం పంపమన్నారు. చెప్పిన రోజుకి చేరిస్తే ఏడాది పొడవునా ఆ సరుకు సెకెలా బండికే. చేరకపోతే వంద లారీల కంపెనీకి. బండి ఎక్కడుందో ఎప్పటికప్పుడు కనపడాలని గనివాళ్ళు పట్టుబడితే, సెకెలా ఒక చిన్న డబ్బా కొని బండిలో బిగించింది. అప్పటినుంచి ఆమె కొట్టులో గుడ్డలు కొలుస్తూ ఫోన్లో బండి గుర్తుగా కనపడే చుక్కని చూస్తూ కూర్చునేది.

చుట్టరికం లేకపోయినా వాళ్ళిద్దరూ వదినా మరిదీ అనే పిలుచుకునేవాళ్ళు. బయల్దేరేముందు అంబిలికిలే చేతిలో వేడి చపాతీల పొట్లం పెట్టి సూటిగానే చెప్పింది.

"మరిదీ, ఇదే ఆఖరు. ఈసారి తప్పిందంటే బండి అమ్మేస్తా. గుడ్డలమ్మి టైర్లు కొనే ఓపిక నాకింక లేదు."

"ఊరుకో వదినా. నేనుండగా బండి అమ్మడమేంటి?"

"నువ్వుండగానే కదా ఇంతదాకా వచ్చింది," అంది సెకెలా. ఆ మాటకి ఇద్దరూ నవ్వారు. అంబిలికిలే మాత్రం దారంతా దాన్నే నములుతూ వచ్చాడు.

ఇక వరస సంగతి చెప్పాలి. వరసలో డ్రైవర్ల సంఘం ఒకటుంది. దానికి అంబిలికిలేయే అధ్యక్షుడు. ఎవరూ ఓట్లు వేయలేదు. అందరికంటే గొంతు పెద్దది, అందరికంటే ఎక్కువకాలం వరసలో బతికినవాడు, అంతే. అతను పెట్టిన చట్టాల్లో అతనికి బాగా ఇష్టమైనది కొమ్మ చట్టం.

ఆ దారుల్లో బండి చెడిపోతే పచ్చి కొమ్మలు విరిచి వెనక రోడ్డుమీద పడేస్తారు. వెనకొచ్చేవాడు కొమ్మ చూసి, పాపం ఆగిపోయింది కాబోలని పక్కనుంచి పోతాడు. ఎర్ర త్రికోణాలు లేవా అంటే ప్రతి బండిలోనూ ఉన్నాయి. అవి పోలీసులకి చూపించడానికి. రోడ్డుమీద పెడితే ఎవడో ఎత్తుకుపోతాడు. కొమ్మనెవడు ఎత్తుకుపోతాడు?

వరసలో కొందరు తెలివిమీరినవాళ్ళు దీన్ని వాడుకోవడం మొదలెట్టారు. బండి వెనక కొమ్మ పడేసి, రిపేరని చెప్పి, ఊళ్ళోకి పోయి స్నానం చేసి, భోంచేసి, కునుకు తీసి వచ్చి, "నా చోటు నాకివ్వండి" అని తగువు. రోజూ ఇదే గోల. అంబిలికిలే విసిగిపోయి ఒక్కటే మాట అన్నాడు: కొమ్మ పడితే తోకకి. బండి బాగయినా సరే, వరస చివరికి పోయి నిలబడాల్సిందే. ఎందుకు, ఎలా అని అడిగేది లేదు. డ్రైవరు నోరు అబద్ధమాడుతుంది, కొమ్మ ఆడదు.

ఈ చట్టానికి మొదట బలైంది కాపెంబ్వా అనే జాంబియా డ్రైవరు. ఉల్లిపాయల లోడుతో ఇంటికి పోతున్నాడు. కట్టెలు మోసే సైకిలొకటి అతని బండి వెనక నుంచి పోతూ ఒక కొమ్మ జారవిడిచింది. కాపెంబ్వా నెత్తీ నోరూ కొట్టుకున్నాడు.

"అన్నా, సైకిలోడు పడేసిపోయాడు. నా బండికి జలుబు కూడా లేదు."

"కొమ్మ ఎట్లా పడిందని కాదు తమ్ముడూ నేనడిగేది. పడిందా, లేదా?"

"పడింది."

"అయితే తోకకి."

కాపెంబ్వా రెండోసారి గేటు దగ్గరికి వచ్చేసరికి ఉల్లిపాయలకి మొలకలొచ్చాయి. చేలో నాటుకోవచ్చు గానీ బజార్లో ఎవడు కొంటాడు? అంబిలికిలే అప్పుడు న్యాయమూర్తిలా టీ తాగుతూ, చట్టమంటే చట్టమే కదా అన్నాడు.

గంధకం లోడుతో సుబిరా ఆ వరసలోకి వచ్చేసరికి గేటు దగ్గర కంప్యూటర్లు పడకేశాయి. రోజులు పోతున్నాయి, బండ్లు కదలడం లేదు. సెకెలా రోజూ ఫోను.

"చుక్క కదలట్లేదు మరిదీ."

"బండి కదలట్లేదు వదినా. చుక్క ఒక్కటే ఎట్లా కదుల్తుంది?"

అయినా ఇంకా గడువుంది. గేటు కనపడేంత దగ్గరికొచ్చాడు. కంప్యూటర్లు లేస్తే పూట తిరక్కుండా దాటేస్తాడు.

ఆ మధ్యాహ్నం ఎండకి కేబిను పొయ్యిలా కాలిపోతోంది. అన్నం గిన్నె నెత్తిన పెట్టుకుని వరస వెంట తిరిగే తుసెకిలే దగ్గర అన్నం, చిక్కుడుగింజల కూర పెట్టించుకుని తిన్నాడు. చాప తీసుకుని బండి కింద నీడలో దూరాడు. ఆరడుగుల మనిషి కదా, తలా పొట్టా నీడలో పట్టాయి, కాళ్ళు బయటే ఉండిపోయాయి. పడుకున్న చోటే గుర్రు పెట్టాడు.

అప్పుడే వెనక ఎక్కడో ఆగిన కాపెంబ్వా నీళ్ళడబ్బాతో అటు వచ్చాడు. బండి కింద నుంచి రెండు కాళ్ళు. బండి కింద నుంచి కాళ్ళు బయటికొచ్చాయంటే ఆ దారిలో ఒకటే అర్థం. పాపం పెద్దాయన, ఈ వయసులో, ఈ ఎండలో రిపేరు చేసుకుంటున్నాడు, కొమ్మ పెట్టుకునే తీరిక కూడా లేదనుకున్నాడు. రోడ్డు పక్క జామాయిల్ చెట్టెక్కి మంచి ఆకులున్న కొమ్మలు చూసి మరీ విరిచి, బండి వెనక శ్రద్ధగా పేర్చి వెళ్ళిపోయాడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, ఆ మందు వేసేవాళ్ళెప్పుడూ మంచివాళ్ళే అయివుంటారు.

కాసేపటికి, చచ్చాయనుకున్న కంప్యూటర్లు లేచి కూర్చున్నాయి. ఏళ్ళ తరబడి ఎప్పుడూ కదలనంత జోరుగా ఆ పూట వరస కదిలింది. వెనకవాళ్ళు కొమ్మ చూశారు, కాళ్ళు చూశారు, పక్కనుంచి పోయారు. "లేపుదామా?" అన్నాడొకడు. "పనిలో ఉన్నాడు, కదిలించకు. కోపిష్టి మనిషి," అన్నాడు ఇంకొకడు.

అంబిలికిలేకి మెలకువ వచ్చింది చప్పుడుకి కాదు, చప్పుడు లేకపోవడానికి. బండి కిందనుంచి పాకి వచ్చి చూస్తే ముందు రోడ్డు నున్నగా, ఖాళీగా ఉంది. ఒక కోడి తాపీగా రోడ్డు దాటుతోంది. ముందున్న లారీలన్నీ గేటు దాటి అవతల దుమ్ము లేపుతున్నాయి. వెనకవాళ్ళు కూడా పక్కనుంచి పోయి గేటుకి ఆనుకుని బారు తీరారు. వెనక్కి పరిగెత్తి చూశాడు. కొమ్మలు. ముచ్చటగా పేర్చిన పచ్చటి కొమ్మలు.

సంఘం వెంటనే కూడింది. టీ దుకాణం ముందు బల్లమీద ఉపాధ్యక్షుడు లుగానో కూర్చున్నాడు. అధ్యక్షుడు ఎదురుగా నిలబడ్డాడు.

"బాబాయ్, ఏమనుకోకు. కొమ్మ పడిందా, లేదా?"

"పడిందిరా. నేను పెట్టలేదు."

"ఎవరు పెట్టారని అడిగే చట్టం మనకి లేదుగా."

అప్పుడు కాపెంబ్వా తోసుకుంటూ ముందుకొచ్చాడు. మొహం మాడిపోయి ఉంది.

"పెట్టింది నేను. కాళ్ళు చూసి పొరపాటు పడ్డా. ఆయన బండికి ఏ జబ్బూ లేదు. పోనివ్వండి ఆయన్ని."

"నీ ఉల్లిపాయలప్పుడు నిన్ను పోనిచ్చాడా?" అన్నాడు వెనకనుంచి ఎవరో.

"నా ఉల్లిపాయల సంగతి నాకొదిలేయ్. మొలకొచ్చినవి నాకూ తెలుసు. ఆయన్ని పోనివ్వండి."

లుగానో బల్లమీద నుంచి లేచి అంబిలికిలేకి చోటిచ్చాడు. "నువ్వే చెప్పు బాబాయ్. నీ చట్టం, నీ బండి."

ఆ క్షణంలో అంబిలికిలేకి ఏం కావాలో చెప్పనక్కర్లేదు. ఒక్కమాట అంటే చాలు, గేటు అదిగో. బండి దక్కుతుంది, వదిన కొట్టు గట్టెక్కుతుంది, సీటులో గుంత అతనిదే. నోరు తెరిచాడు కూడా. కానీ ఎదురుగా నిలబడ్డవాళ్ళ మొహాలు చూశాడు. ప్రతివాడి కళ్ళలోనూ ఒక కొమ్మ సిద్ధంగా ఉంది. అధ్యక్షుడు దాటాడంటే రేపు ప్రతివాడికీ కొమ్మ వేరేవాడే పెట్టివుంటాడు. పక్కనే కాపెంబ్వా, తలొంచుకుని.

ధర్మరాజు అనుకునేరు, అదేం లేదు. నిజంగా అతన్ని ఆపింది సిగ్గు. ఉల్లిపాయలవాడు తనకోసం బతిమాలుతుంటే, ఆ సిగ్గు భరించడం చేతకాలేదు.

"తోకకి," అన్నాడు.

కొమ్మలు తానే తీసి పారేసి, బండి తిప్పుకుని, ఎదురు దారిలో కొండెక్కాడు. సగం కొండ ఎక్కకముందే ఫోను మోగింది.

"మరిదీ, చుక్క కదిలింది!" సెకెలా గొంతులో ఎంత సంబరమో. మరుక్షణం గొంతు మారింది. "అదేంటి, ఇటు వస్తోందేం? ఇంటికొస్తున్నావా?"

ఉన్నదున్నట్టు చెప్పాడు. కొట్టులో ఎవరో గుడ్డ ధర అడుగుతుంటే, ఆమె రేపు రమ్మని పంపేసింది.

"పడుకునేముందు కాళ్ళు ముడుచుకోలేకపోయావా మరిదీ?" అంది చివరికి. తిట్టివుంటే బాగుండేదని అతనికి అనిపించింది.

గంధకం చేరింది. అది ఉల్లిపాయ కాదు, మొలకెత్తదు. గనివాళ్ళు దించుకున్నారు, ఆలస్యమైందన్నారు, ఏడాది సరుకు వంద లారీల కంపెనీకి రాసిచ్చారు. సెకెలా అన్నమాట నిలబెట్టుకుంది. సుబిరాని కూడా ఆ కంపెనీయే కొనేసింది. బండికి కొత్త రంగు వేసి, పాలసీసా చెరిపేసి, నుదుటిమీద ఓర్పు గీకేసి అక్కడ నంబరు వేశారు. అంబిలికిలేని కూడా తీసుకోమని సెకెలా బతిమాలింది. వయసైపోయిందన్నారు. వరసలో కూర్చోవడానికి వయసెందుకో వాళ్ళకే తెలియాలి.

అతను ఊరికి పోలేదు. తుండుమాలోనే ఉండిపోయి, డ్రైవర్లు స్నానానికో భోజనానికో పోతే వాళ్ళ బండ్లలో కూర్చుని, వరస కదిలినప్పుడల్లా ముందుకు జరిపే పని పెట్టుకున్నాడు. అక్కడ చాలామందికి అదే బతుకు. ఎన్నో బండ్లని గేటుదాకా చేర్చాడు, ఒక్కదానితోనూ అవతలికి పోలేదు. ఎవరి బండి ఎక్కినా ముందు దిగి వెనక్కి వెళ్ళి, రోడ్డుమీద ఒక ఆకున్నా కాలితో తన్నేసి వచ్చేవాడు. డ్రైవర్లు చూసి నవ్వుకునేవాళ్ళు.

ఒకరోజు కొత్త రంగు లారీ ఒకటి వచ్చి ఆగింది. తెలియని డ్రైవరు దిగి తాళం చేతిలో పెట్టాడు.

"బాబాయ్, స్నానం చేసొస్తా, కాస్త జరుపుతూ ఉండు. సీటు చూసుకుని కూర్చో. మధ్యలో పెద్ద గుంత ఉంది, నడుం విరిగిపోతోంది. కంపెనీవాళ్ళు వచ్చేవారం మారుస్తామన్నారు."

అంబిలికిలే తాళం గుప్పిట్లో పెట్టుకున్నాడు. వెనక్కి వెళ్ళి రోడ్డు చూశాడు, శుభ్రంగానే ఉంది. కేబిన్లోకి ఎక్కి కూర్చున్నాడు. గుంత అతనికి సరిగ్గా సరిపోయింది. ముందున్న బండి కదిలింది. అతను కూడా ఒక బండి పొడవు ముందుకు జరిపి, ఆపాడు.